కెర్నల్ తాళాలు ప్రైవేటు కంపెనీలకెందుకు?

2024 జూలై 19న మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చిన సంగతి అందరికీ గుర్తే. సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒక్కటి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలను కూలదోసింది. సరిగా పరీక్షించకుండా ఎలా వదిలారని అందరూ అడిగారు. అంతకన్నా ముందు అడగాల్సింది మరొకటుంది: కాపలా కాయడానికి వచ్చిన ప్రైవేటు ప్రోగ్రామ్, యంత్రం మొత్తాన్నీ శాసించే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌లో ఎందుకు తిష్ఠ వేసింది?

జరిగిన తప్పు చిన్నదే. ఆ ప్రోగ్రామ్ 20 విలువలున్న చోట 21వది చదవబోయింది. మామూలు ప్రోగ్రామ్ ఇదే పని చేసి ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్నొక్కదాన్నే ఆపేసేది. కెర్నల్‌లో జరిగింది కాబట్టి యంత్రమంతా ఆగింది.

కెర్నల్‌లో దాక్కునే దొంగ ప్రోగ్రామ్‌లను (రూట్‌కిట్లను) పట్టాలంటే తామూ అక్కడే ఉండాలని భద్రతా కంపెనీలు వాదిస్తాయి. తలుపులు మూస్తే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీదారుదే గుత్తాధిపత్యమని కూడా అంటాయి. రెండో భయం న్యాయమైనదే. దానికి మందు, కెర్నల్ బయటి నుంచే లోపలికి చూసేలా అందరికీ ఒకే కిటికీ తెరవడం, తయారీదారు సొంత యాంటీవైరస్‌ను కూడా ఆ కిటికీ దగ్గరే నిలబెట్టడం.

అలాంటి కిటికీలు ఇప్పటికే ఉన్నాయి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఎంత మెమరీ వాడుతోందో, కెర్నల్ చూపించే ప్రోక్ ఫైళ్లలో ఎవరైనా చదువుకోవచ్చు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా చూపే పీఎస్, టాప్ కమాండ్లు చేసేది అదే. కెర్నల్ లోపలి మెమరీ చిరునామాలు మాత్రం సాధారణ యూజర్‌కు సున్నాలుగానే కనబడతాయి. కెర్నల్ మెమరీని నేరుగా చూపే కేమెమ్ ఫైలును 2021లో పూర్తిగా తీసేశారు. మరింత లోతుగా చూడాల్సిన వారికి, కెర్నల్‌లో చిన్న ప్రోగ్రామ్‌లు నడిపించే ఈబీపీఎఫ్ అనే ఏర్పాటు ఉంది. అక్కడ మనం రాసిన కోడ్‌ను వెరిఫయర్ అనే తనిఖీదారు ముందుగా పరిశీలించి, ప్రమాదం లేదని తేలితేనే కెర్నల్ నడుపుతుంది. ఆపిల్ 2019లోనే మ్యాక్‌లో భద్రతా కంపెనీల కోసం కెర్నల్ బయట నుంచి పనిచేసే ఏర్పాటు తెచ్చింది.

ఇక్కడే నాకు కోపం వస్తుంది. 2018లో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ అనే లోపం బయటపడినప్పుడు, మామూలు ప్రోగ్రామ్ కెర్నల్ మెమరీని చదవగలదని తెలిసి ప్రపంచం వణికిపోయింది. ప్రోగ్రామ్‌లకూ కెర్నల్‌కూ మధ్య ఉన్న ఆ గోడను మళ్లీ కట్టడానికి, మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే పేజీ టేబుళ్లనే విడదీశారు, అందుకు యంత్రాల వేగాన్ని కొంత వదులుకున్నారు. అంత ఖరీదు పెట్టి కట్టుకున్న గోడకు, కంపెనీ అడిగిందని తలుపు పెట్టడం ఏ తర్కం? ఆటల్లో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ కూడా నేడు కెర్నల్ డ్రైవర్‌గా, అంటే కెర్నల్ లోపలే నడిచే ప్రోగ్రామ్‌గా, దిగుతోంది. ఒక ఆట కోసం!

విశాఖ ఈ చర్చను దూరం నుంచి చూస్తూ కూర్చోలేదు. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. భూములు, కరెంటు, నీళ్ల గురించి రోజూ మాట్లాడుకుంటున్నాం. ఆ సర్వర్ల లోపల ఏముందో చదవగల మనుషుల మాటేమిటి? మన ఇంజనీరింగ్ చదువుల ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరులో యూజర్ మోడ్ (మామూలు ప్రోగ్రామ్‌లు నడిచే స్థితి), కెర్నల్ మోడ్ తేడాలు పట్టిక గీసి రాస్తే మార్కులు పడిపోతాయి. లినక్స్ కెర్నల్ కోడ్ మొత్తం ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. దాచాల్సింది నడుస్తున్న యంత్రంలోని సమాచారాన్నే కానీ, అది నడిచే పద్ధతిని కాదు. విశాఖలోని మధురవాడ, రుషికొండల్లో ఉద్యోగాలకు సిద్ధమయ్యే పిల్లల చేత ఒక చిన్న ప్రోక్ మాడ్యూల్ (ప్రోక్ ఫైలు సృష్టించే కెర్నల్ కోడ్), ఒక ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్ రాయించండి. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, కెర్నల్‌ను వాళ్ల చేతులతోనే కూలనివ్వండి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, ఉన్న ల్యాబుల్లో వచ్చే సెమిస్టర్ నుంచే మొదలుపెట్టవచ్చు.