మనిషికి ఎందరు పరిశోధకులు?

మా అక్క కొడుకు హ్యుమానిటేరియన్ స్టడీస్‌లో ఎం.ఏ. చేస్తున్నాడు. ఆపదలో ఉన్నవాళ్లకు సాయం ఎలా అందించాలో నేర్పే చదువు. ప్రస్తుతం ఆపదలో ఉన్నది వాడే. సెప్టెంబర్‌లోగా 15,000 పదాల డిసర్టేషన్ ఇవ్వాలి.

మొదట ప్రపంచంలోని శరణార్థులందరి గురించీ రాస్తానన్నాడు. గైడ్ 'కుదించు' అన్నాడు. దక్షిణాసియా అన్నాడు. కుదించు. తెలంగాణ. ఇంకా కుదించు. పాలమూరు వలసల దగ్గర కొన్నాళ్లు ఆగాడు గానీ, అక్కడ మెథడాలజీ చిక్కొచ్చింది. వలస పోయినవాళ్లు ఊళ్లో దొరకరు. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఎప్పుడో బస్సెక్కారు. ఇళ్లకు వేసిన తాళాలను ఇంటర్వ్యూ చేస్తే కమిటీ ఒప్పుకోదట. కుదించగా కుదించగా చివరికి నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక బోరింగు మిగిలింది.

బోరింగు నీళ్లలో ఉండి ఎముకలు వంచే ఫ్లోరైడ్ విషయంలో మా జిల్లా ప్రతిష్ఠ చిన్నది కాదు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి పేరే 'నల్గొండ టెక్నిక్'. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ తయారుచేసింది. హైదరాబాద్ పేరు బిర్యానీకి పెట్టారు, మా పేరు దీనికి పెట్టారు.

అయితే ఇక్కడా ఒక అడ్డంకి. ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లొస్తున్నాయి. ఆ మాట వినగానే మావాడి మొహం మాడిపోయింది. "మామా, రీసెర్చ్ గ్యాప్ పోయినట్టేనా?" అన్నాడు. గ్యాప్ అంటే ఇంతవరకు ఎవరూ రాయకుండా మిగిలింది. ఊరి సమస్య తీరినా ఫర్వాలేదు, గ్యాప్ మాత్రం తీరకూడదు. "నల్లా నీళ్లు తాగితే వంగిన ఎముకలు నిటారుగా అయిపోవురా, కంగారుపడకు" అన్నాను. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

దుబాసీగా నేనూ వెళ్లాను. మావాడిదీ, ఆ ఊరి అవ్వదీ తెలుగే కదా అనకండి. మావాడు అవ్వను అడిగిన మొదటి ప్రశ్న "మీ జీవనోపాధి వ్యూహాలు ఏమిటి?" నేను "ఎట్ల బతుకుతున్నవ్ అవ్వా?" అని అనువదించాను.

నిజానికి దుబాసీ అవసరం అవ్వకు లేదు. వీడు సంచిలోంచి కాగితాలు తీయకముందే వెలుతురు మీద పడేలా గడప వైపు జరిగి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాగి, మోకాళ్లు కనిపించేలా పక్కకు తిరిగి కూర్చుంది. "ఫొటో ముందా, ప్రశ్నలు ముందా?" అని అడిగింది.

వాడి సంచిలో సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల పుస్తకం ఉంది. ఆపద వేళ మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 250 మందికి ఒక నల్లా, 20 మందికి ఒక మరుగుదొడ్డి. అన్నీ లెక్క కట్టారు పెద్దలు. మనిషికి ఎందరు పరిశోధకులు అన్నది మాత్రం మర్చిపోయారు. కాబట్టి నా మనవి. ఒక్కో అవ్వకు ఏడాదికి ఒక ఎం.ఏ., రెండేళ్లకొక పీహెచ్‌డీ మించకూడదు. మించితే ఆ ఊరిని ప్రశ్నాపత్రాల పీడిత ప్రాంతంగా ప్రకటించి, ఇంటికో చేట చొప్పున పంచాలి. వచ్చినవాళ్లను విసిరి పంపడానికి. (ఆ చేటల పంపిణీ మీద ఎవరైనా డిసర్టేషన్ రాయొచ్చు. గ్యాప్ ఉంది.)

ఇక సమ్మతి పత్రం. నాలుగు పేజీలు. ఎథిక్స్ కమిటీ మూడుసార్లు తిప్పి పంపి పాస్ చేసింది. అందులో 'ఈ అధ్యయనం వల్ల మీకు నేరుగా ఏ ప్రయోజనమూ ఉండదు' అనే వాక్యం ఉంది. వాడు నీళ్లు నమిలాడు. నేనే చదివాను.

అవ్వ కాసేపు మావాడి వంక చూసింది. "ఇంతమంది వచ్చిపోయిండ్రు గానీ, ఈ ముచ్చట కాయితం మీద రాసుకొని తెచ్చినోడివి నువ్వొక్కనివే బిడ్డా" అని బొటనవేలు ముందుకు చాచింది.

ఆ వేలిముద్ర ఇప్పుడు అనుబంధం 2లో ఉంది. గైడ్ చూసి శాంపిల్ చాలదన్నాడు. వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం.