మూడో మాత్ర రాసే ముందు

బెంగళూరు హోసూరు రోడ్డులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్ ముందు పొద్దున్నే నిలబడితే చెవిన పడేది కన్నడం ఒక్కటే కాదు. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్ల తెలుగూ వినిపిస్తుంది. సంచిలో ఏళ్లనాటి మందుల చీటీలు, స్కాన్ ఫిల్ములు. పక్కన ఫిట్స్ ఆగని బిడ్డ. వీరిలో చాలామంది రావలసిన సమయం కంటే ఎంతో ఆలస్యంగా వస్తున్నారన్నదే మా బాధ.

సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని అంతర్జాతీయ నిపుణులు 2010లోనే నిర్వచించారు. కారణం ఉంది. 2000లో వెలువడిన గ్లాస్గో అధ్యయనంలో మొదటి మందుతో 47 శాతం మందికి, రెండో మందుతో మరో 13 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. మూడోదానికి వచ్చేసరికి ఆ సంఖ్య ఒక్క శాతానికి పడిపోయింది. అయినా మన ఊళ్లలో మూడోది, నాలుగోది, అయిదోది మారుస్తూనే ఉంటారు. ఈలోగా బిడ్డ బడి మానేస్తాడు. ఆగని ఫిట్స్ నిద్రలోనే ప్రాణం తీయవచ్చన్న సంగతి ఆ తల్లిదండ్రులకు చెప్పేవారే ఉండరు.

కొత్త చికిత్సల వార్తలు ఆశ పుట్టిస్తున్నాయి, పుట్టించాలి కూడా. సెనోబమేట్ అనే మందును ఎక్కువ మోతాదులో తీసుకున్నవారిలో 21 శాతం మందికి పరీక్షల కాలంలో ఫిట్స్ పూర్తిగా ఆగాయి. ఇతర మందులు పనిచేయనివారిలో ఇది చిన్న విషయం కాదు. ఛాతీలో చర్మం కింద అమర్చి మెడలోని వేగస్ నాడిని ప్రేరేపించే పరికరం, మెదడు లోతుల్లో విద్యుత్ ప్రేరణ, లేజర్ శస్త్రచికిత్స వచ్చాయి. ప్రయోగశాలలో పెంచిన నాడీకణాలను మెదడులో నాటే పరీక్షలు అమెరికాలో నడుస్తున్నాయి. పిల్లలకు పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచే కీటోజెనిక్ ఆహారం నూరేళ్ల నాటిదే. కానీ మూడు పూటలా అన్నం చుట్టూ తిరిగే మన వంటింట్లో బియ్యాన్ని దాదాపుగా పక్కనపెట్టి, నెయ్యీ కొబ్బరీ తూకం వేసి పెట్టాలంటే ఆ తల్లికి పక్కన ఒక డైటీషియన్ ఉండాలి. చీటీ మీద రాసిస్తే అయ్యే పని కాదది.

అయితే అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఉన్నది పాత చికిత్సకే, అంటే మెదడు ఆపరేషన్‌కే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 18 ఏళ్లలోపు వారిపై జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో, శస్త్రచికిత్స జరిగినవారిలో 77 శాతం మందికి ఏడాది తర్వాత ఫిట్స్ లేవు. మందులతోనే ఉన్నవారిలో అది 7 శాతం. ఆపరేషన్ వల్ల ఒకవైపు చేయీ కాలూ బలహీనపడినవారూ ఉన్నారు. కుటుంబానికి అదీ దాచకుండా చెప్పాలి. అందరికీ ఇది పనికిరాదు. ఎవరికి పనికొస్తుందో తేలాలంటే మంచి ఎంఆర్ఐ, రోజుల తరబడి వీడియో ఈఈజీ (రోగిని వీడియో తీస్తూ మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) కావాలి. అవి దొరికేది బెంగళూరులాంటి చోట.

ఆడపిల్లైతే ఇంకో అడ్డు: పెళ్లి సంబంధం చెడుతుందని ఇక్కడికి తీసుకురావడానికే వెనకాడతారు. మూర్ఛను కారణంగా చూపి పెళ్లి చెల్లదనే నిబంధనను 1999లోనే చట్టం నుంచి తొలగించారు. ఊరి ఆరోగ్య కార్యకర్తే ఈ మాట ఇంటింటా చెప్పాలి.

2019లో ఆంధ్రప్రదేశ్ తన ఆరోగ్యశ్రీని బెంగళూరు, చెన్నై ఆసుపత్రులకు విస్తరించింది. మంచి అడుగే. ప్రభుత్వ పథకాల్లో ఆపరేషన్‌కు ముందు చేసే వీడియో ఈఈజీకి, వేగస్ నాడి పరికరానికి స్పష్టంగా చోటు ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రిలో రెండో మందు ఫలించలేదని తేలిన తేదీని రోగి చీటీ మీద రాయాలి. మూడో మందు మొదలుపెట్టినా సరే, అదే రోజు పై ఆసుపత్రికి పంపే కాగితం కూడా ఆ కుటుంబం చేతిలో పడాలి.