సవరణ: మోకాలి చిప్ప కింద పాత నొప్పికి పూర్తి విశ్రాంతి మందు కాదు

"చిప్ప కింది టెండన్ నొప్పి పూర్తిగా పోయేదాకా స్క్వాట్ (బరువుతో కిందికి కూర్చుని లేచే వ్యాయామం) మానేయండి" అని ముందటి పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాం. టెండన్ అంటే ఇక్కడ మోకాలి చిప్పను కింది ఎముకకు కలిపే గట్టి పట్టీ. బరువు పడకపోతే అది ఇంకా బలహీనపడుతుంది. నొప్పి తగ్గింది కదా అని పాత బరువు ఎత్తగానే తిరగబెడుతుంది. ఏళ్లుగా సాధన చేసేవాళ్లు నెలల తరబడి ఇరుక్కునేది ఇక్కడే.

ముందు ఆపాల్సింది గెంతులు, విసురుగా దిగి లేచే రెప్స్ (ఒకసారి దిగి లేస్తే ఒక రెప్). స్క్వాట్‌లో 3 సెకన్లు దిగండి, 3 సెకన్లు లేవండి. 15 రెప్స్ వచ్చే బరువుతో మొదలుపెట్టి, నెమ్మదిగా 6 రెప్స్ మాత్రమే వచ్చే బరువుకు చేరాలి. వారానికి 3 రోజులు, కనీసం 12 వారాలు. అదీ కష్టమైతే లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో (కూర్చుని కాలితో బరువును ముందుకు లేపే మెషిన్) మోకాలు సుమారు 60 డిగ్రీలు వంచి, కదలకుండా 45 సెకన్లు బిగపట్టాలి. 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం.

చేసేటప్పుడు పదికి 3 దాకా నొప్పి ఉండొచ్చు. టెండన్ జవాబు ఆలస్యంగా వస్తుంది కాబట్టి మర్నాడు చూసుకోవడం ముఖ్యం. 24 గంటల్లో నొప్పి ఎప్పటి స్థాయికి దిగకపోతే బరువు తగ్గించండి, మానేయకండి.

టప్‌మన్న శబ్దం, వెంటనే వాపు, కాలు చాచలేకపోవడం ఉంటే ఇవేవీ వర్తించవు. ఆ రోజే ఎముకల డాక్టర్‌కి చూపించాలి.