వాటా యాభై ఒకటి, ఉద్దెర వేరే ఖాతా

యజమాని చేతిలో ఎంత వాటా ఉంటే కంపెనీ బాగుపడుతుందన్న ప్రశ్నతో పెద్ద పెద్ద పండితులు కుస్తీ పడుతున్నారు. 1988లో ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికా కంపెనీల లెక్కలు తీసి ఒక సంగతి తేల్చారు. డైరెక్టర్ల వాటా 5 శాతం దాకా పెరిగితే కంపెనీ విలువ పెరుగుతుందట, 5 నుంచి 25 మధ్య తగ్గుతుందట, ఆపైన మళ్లీ మెల్లగా లేస్తుందట. పాపం, వాళ్లు కాజీపేటలో రైలు దిగలేదు. దిగితే ఇంత శ్రమ ఉండేది కాదు. ఉత్తర తెలంగాణలో అన్ని శాతాల మీదా ప్రయోగాలు ఎప్పుడో అయిపోయాయి.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో 2002లో ప్రైవేటుకు 51, ప్రభుత్వానికి 49 అని పంచారు. 2015లో తాళం పడింది. సరే, అంతా సర్కారుదే అయితే? నిజాం హయాంలో 1934లో పెట్టిన వరంగల్ ఆజంజాహి మిల్లు 1974లో జాతీయమై, 1990లో మూతపడింది. నూలు వడికినన్నాళ్లూ నష్టమన్న చోటే తర్వాత గజాల లెక్కన ప్లాట్లు అమ్ముడుపోయాయి. నేల మాత్రం ఏ సర్వసభ్య సమావేశం పెట్టకుండానే పనితీరు మెరుగుపరుచుకుంది.

ఇక బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీ. రాష్ట్రానికి 51, కేంద్రానికి 49. ఈ లెక్కతోనే 1992లోనూ, 1996లోనూ ఖాయిలా పడ్డ పరిశ్రమగా, అలాంటి కంపెనీల సంగతి చూసే కేంద్ర సంస్థ బీఐఎఫ్‌ఆర్ గడప ఎక్కింది. ఇదే లెక్కతో ఇప్పుడు వేల కోట్ల లాభం చూపిస్తోంది. శాతం కదల్లేదు, కంపెనీ మాత్రం చావు దాకా పోయి వచ్చింది. పండితులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని మనవి.

అసలు విద్య వేరే చోట ఉంది. సింగరేణి బొగ్గు కొనేది ఎక్కువగా కరెంటు సంస్థలు. మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని సింగరేణి ప్లాంటులో తయారయ్యే కరెంటు కొనేది డిస్కంలు, అంటే ఇంటింటికీ కరెంటు పంచే సంస్థలు. వీటిలో పెద్ద బాకీదార్లు 51 శాతం యజమాని, అంటే రాష్ట్రం, బిడ్డలే. బాకీ వేల కోట్లకు చేరింది. సొంత కిరాణా దుకాణంలో ఇంటాయనే ఉద్దెర పెడితే గల్లాలో కూర్చున్న మేనేజరు ఏమంటాడు? రాసుకుంటాడు. లాభం కాగితం మీద కనబడుతుంది, పైసలు ఖాతా పుస్తకంలో నిద్రపోతాయి.

49 శాతం యజమాని తక్కువ తిన్నాడా? 2024 జూన్‌లో మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకును వేలానికి పెట్టాడు. కంపెనీ మనదే, బొగ్గూ మన కాళ్ల కిందిదే, కావాలంటే నలుగురితో పాటు పాట పాడి కొనుక్కో అని సింగరేణికి చెప్పాడు. ఇంత నిష్పక్షపాతం కన్నతండ్రి కూడా చూపించడు.

వాటా అనే మాటకు ఇక్కడ కాస్తయినా విలువ వచ్చేది దసరా ముందు, కార్మికులకు లాభాల్లో వాటా పంచేటప్పుడే. 2023-24 లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకని పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు ప్రకటించారు. ప్రకటించింది ముఖ్యమంత్రి. శాతం ఎలా ఉండాలో, ఏ మొత్తం మీద ఉండాలో మొదట ఎవరు నిర్ణయిస్తారన్నదే ఇందులో మెలిక. 33 అన్న అంకె చప్పట్లకు, 2,289 అన్న అంకె ఫైలుకు. భూపాలపల్లి బట్టల షాపులు మాత్రం ఈ సూక్ష్మాల జోలికి పోవు, ‘పైసలు పడ్డయా?’ అని అడిగి బోర్డు కడతాయి.

కాబట్టి నేను సవినయంగా సిఫార్సు చేసేదేమంటే, పెద్దాయన కరెంటు బాకీ కట్టేదాకా, చిన్నాయన వేలంపాటలు ఆపేదాకా ఇద్దరి ఓట్లూ పక్కన పెట్టి, బోర్డు సమావేశాన్ని గోదావరిఖనిలో ఏదో ఒక చాయ్ హోటల్‌కు మార్చాలి. అక్కడి బెంచీల మీది వాళ్ల దగ్గర ఒక్క షేరు కాగితం ఉండదు గానీ, ఏ గనిలో ఎంత బొగ్గు వచ్చింది, ఎవరి బిల్లు ఎన్నేళ్లుగా పెండింగో నోటికి చెప్తారు. కోరం గురించి టెన్షన్ అక్కర్లేదు. ఫస్ట్ షిఫ్టు దిగినోళ్లు ఎటూ అక్కడే ఉంటారు.