పడవ మీద పిల్లలు, ఒడ్డు మీద తీర్పులు

తెరచాప పడవలో కాపురం పెట్టి, పిల్లల్ని వెంటేసుకుని సముద్రాలు దాటే కుటుంబాల వీడియోలు మన ఫీడ్‌లోకి కూడా వచ్చేశాయి. వాటి కింద మనవాళ్ల కామెంట్లు రెండే రకాలు. "ఇలాంటివాళ్లకి పిల్లలెందుకు, కేసు పెట్టాలి" అని ఒకటి. "లైఫ్ అంటే ఇదీ బ్రో" అని ఇంకొకటి. రెండూ చదివితే ఒళ్లు మండుతోంది.

కేసు పెట్టమనే వాళ్ల సంగతి ముందు చూద్దాం. 2014లో రెబెల్ హార్ట్ అనే 36 అడుగుల పడవలో ఒక అమెరికన్ జంట మెక్సికో నుంచి పసిఫిక్ దాటడానికి బయల్దేరింది. వెంట మూడేళ్ల పాప, ఏడాది పాప. తీరానికి సుమారు 900 మైళ్ల దూరంలో చిన్నదానికి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు. మందులకి లొంగలేదు. పైగా పడవకి స్టీరింగ్ దెబ్బతింది. సాయం కోరితే నలుగురు రక్షణ సిబ్బంది విమానంలోంచి పారాచూట్లతో సముద్రంలోకి దూకి పడవ ఎక్కారు. తర్వాత నేవీ ఓడ వచ్చి అందర్నీ ఎక్కించుకుంది. నీళ్లు చేరుతున్న పడవని అక్కడే ముంచేశారు. పాప క్షేమంగా బయటపడింది. జనం మాత్రం ఆ తల్లిదండ్రుల్ని వదల్లేదు. రెస్క్యూ ఖర్చు వాళ్ల చేతే కట్టించాలన్నారు.

ఏడాది పిల్లతో ఆ దారి నేనైతే పట్టను. వారాల తరబడి నేల కనపడదు, గాలి బాగున్నా పడవ వెళ్లేది సైకిల్ వేగమే, డాక్టరు ఉండడు. ఆ మాట అనొచ్చు. కానీ బండి ట్యాంకు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని రాంగ్ రూట్‌లో స్కూల్లో దింపి, ఇంటికొచ్చి ఫోన్ తీసి "బాధ్యత లేని తల్లిదండ్రులు" అని టైప్ చేసేవాళ్ల నోట ఆ మాట వినలేను.

అసలు అడగాల్సిన ప్రశ్న వీళ్లెవరూ అడగరు. దిగిపోతానంటే పిల్లల్ని దిగనిస్తారా?

రాబర్ట్‌సన్ కుటుంబం 1971లో పొలం, పాడి అమ్మేసి ఇంగ్లండ్ నుంచి తెరచాప పడవలో బయల్దేరింది. నలుగురు పిల్లలు. కూతురు యాన్ బహామాస్‌లో దిగిపోయింది, ఇంక రానంది. మిగతావాళ్లు ముందుకెళ్లారు. 1972 జూన్‌లో పసిఫిక్‌లోని గాలపాగోస్ దీవులు దాటాక కిల్లర్ వేల్స్ ఢీకొట్టి పడవ నిమిషాల్లో మునిగిపోయింది. దారిలో ఎక్కిన ఒక కుర్రాడితో కలిపి ఆరుగురు, అందులో ఇద్దరు కవల పిల్లలు, 38 రోజులు వాన నీళ్లు పట్టుకుని, తాబేళ్లని వేటాడి బతికారు. చివరికి ఒక జపాన్ చేపల పడవ కాపాడింది. ఈ కథ ఎవరు చెప్పినా ఆ 38 రోజుల దగ్గరే ఆగుతారు. నాకు మాత్రం యాన్ గుర్తొస్తుంది. ఆ వయసుకి తన జీవితం తను చూసుకోగలదు కాబట్టి దిగింది. చిన్నవాళ్లైన కవలలకి ఆ వీలెక్కడిది?

మన చర్చంతా చదువు చుట్టూనే. "మరి స్కూలు?" అని కంగారు. అది ఎప్పుడో తీరిన సమస్య. ఫ్రెంచ్ కుటుంబాలు క్నెడ్ అనే ప్రభుత్వ దూరవిద్య సంస్థ పాఠాలు పడవలోనే చెప్పించుకుంటాయి. తీరనిది స్నేహితుల కరువు. అందుకే చాలా కుటుంబాలు పిల్లలున్న వేరే పడవ ఎటు పోతోందో కనుక్కుని తమ దారి మార్చుకుంటాయి.

ఆ జీవితంలో నాకు అసూయ పుట్టించేది మాత్రం ఒకటుంది. పిల్లలకి నిజమైన పని ఉంటుంది. లంగరు వేసేటప్పుడు ముందు నిలబడి అడుగున రాయుందా ఇసుకుందా చూసి చెప్పడం, తాడు ముడి సరిగ్గా వెయ్యడం, కాస్త పెద్దయ్యాక పహారా కాయడం. ముడి తప్పు పడితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మన ఇళ్లల్లో పదో తరగతి పిల్లాడికి మంచినీళ్లు కూడా చేతికందిస్తాం. "నువ్వు చదువుకో నాన్నా, చాలు" అంటాం. వాడు చేసిన పని మీద ఆధారపడే మనిషి ఇంట్లో ఒక్కరూ ఉండరు. తర్వాత బాధ్యత తెలీదని వాణ్ణే తిడతాం.

ఇక "లైఫ్ అంటే ఇదీ" బ్యాచ్. మీరు చూసేది పది నిమిషాల సూర్యాస్తమయం. తుఫాను సీజన్ లెక్కలు, వాంతులు, పాడైపోయిన టాయిలెట్ పంపు ఎడిటింగ్‌లో పోతాయి. ఆ వీడియోల్లో కెమెరా ముందు నవ్వే పిల్లలకి ఆ డబ్బుల్లో వాటా ఎంతో నాకైతే అనుమానమే.

నిజంగా అంత ఇష్టముంటే హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకి సెయిలింగ్ నేర్పుతున్నారు, చేర్పించండి. పేదింటి పిల్లలు కూడా అక్కడ నేర్చుకుని పోటీలకి వెళ్తున్నారు. వాళ్లకిచ్చే ఆప్టిమిస్ట్ పడవ ఎనిమిది అడుగులు కూడా ఉండదు. చుక్కాని, తెరచాప రెండూ ఆ ఒక్క పిల్లాడి చేతిలోనే. ఫోన్ పట్టుకుని పక్కన కూర్చోడానికి అమ్మానాన్నలకి చోటుండదు.