పడని బోరుకు కొత్త పాయింటు

సూపర్‌హీరో సినిమాను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలంటే ఏ డైరెక్టర్‌ను పెట్టుకోవాలన్నది అమెరికాలో మహామహులు ఏసీ గదుల్లో కూర్చుని కూడా తేల్చలేకపోతున్న సమస్య. దీని మీద నల్లగొండ జిల్లాను ఇంతవరకు ఒక్కరూ సలహా అడగకపోవడం విచారకరం. రీబూట్ అని వాళ్లు ముద్దుగా పిలుచుకునే పనిని దేవరకొండ దిక్కున మేం తరాలుగా చేస్తున్నాం. పడని బోరు పక్కన పదడుగుల దూరంలో ఇంకో బోరు వేయడమే అది.

మా నాయిన బత్తాయి తోట కోసం ఐదు బోర్లు వేయించాడు. ఐదింటికి ఐదుగురు పాయింటాయనలు, అంటే నీళ్లు ఎక్కడ పడతాయో చూపెట్టేవాళ్లు. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని నడిచేవాడు, నీళ్లున్న చోట కాయ నిలువునా లేస్తుందట. ఒకాయనది పంగల వేపపుల్ల. ఇంకొకాయన మిషను తెచ్చాడు. దానికి రెండు వైర్లు, ఒక ముల్లు. చేనంతా తిప్పినా ముల్లు ఊగుతూనే ఉంది, చివరికి మా గడ్డివాము దగ్గర కూడా ఊగింది.

నాకు బాగా గుర్తున్నది రెండో బోరు. రాత్రి పదకొండైంది, బండి మోతకు ఊరు నిద్రపోలేదు. 350 ఫీట్లు దాటినా తెల్లటి దుబ్బే లేస్తోంది. ఫోకస్ లైటు వెలుతుర్లో బత్తాయి ఆకుల మీద బియ్యప్పిండి చల్లినట్టు పడుతోంది. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా నాయిన చెయ్యి అంగీ జేబు మీదికి పోతోంది. కొబ్బరికాయ ఆయన మాత్రం గట్టు మీద కూర్చుని చాయ్ ఊదుకుంటూ, "ఇంక రెండు రాడ్లు దించు పటేలా, గ్యాపు తగుల్తది" అన్నాడు. దించినం. దుబ్బే. తెల్లారి ఆయన తేల్చిన కారణం ఇది: "నేను సూపిచ్చిన కాడ ఎయ్యలే పటేలా. బండి రెండడుగులు అవుతలికి వెట్టిండ్రు."

2015లో నలుగురు సూపర్‌హీరోల సినిమా 'ఫెంటాస్టిక్ ఫోర్' రిలీజుకు ముందురోజు దాని డైరెక్టర్ జాష్ ట్రాంక్ ట్విట్టర్‌లో రాసింది కూడా అచ్చం ఇదే. ఏడాది కింద తన దగ్గర అద్భుతమైన సినిమా ఉండేదని, మీరది బహుశా ఎప్పటికీ చూడరని. బండి రెండడుగులు జరిగిందన్నమాట. తర్వాత ఆ ట్వీట్ తీసేశాడు. మా కొబ్బరికాయ ఆయన అంత తొందరపడలేదు, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాడు.

ఇక్కడ నిర్మాతలకు, మా నాయినకు ఉన్న పోలిక చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఎన్ని బోర్లు పోయినా భూమిలో నీళ్లు లేవేమో అన్న అనుమానం ఇద్దరికీ రాదు. తప్పంతా పాయింటుదే. ఈ నలుగురి కథకే 1994, 2005, 2015, 2025లో నాలుగుసార్లు బండి దిగింది. మొదటిది అసలు రిలీజే కాలేదు. గడువులోపల షూటింగ్ మొదలుపెట్టకపోతే హక్కులు చేజారుతాయని 1992 డిసెంబర్ ఆఖర్లో హడావుడిగా మొదలుపెట్టిన సినిమా అది. హైదరాబాద్ రోడ్డు మీద ప్లాటు కొన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కబ్జా కాకుండా చుట్టూ కడీలు పాతి, నడుమ ఒక రేకుల రూము వేసి, కరెంటు మీటరు పెట్టిస్తారు. ఆ రూములో ఎవరైనా ఉంటారా అని అడిగేవాడు అమాయకుడు.

మరి డైరెక్టర్‌ను ఏం చూసి పట్టుకొస్తారు? ఎక్కువసార్లు, ఇంటెనక కొత్తిమీర మడికి నీళ్లు చూపించినోణ్ని పట్టుకొచ్చి పదెకరాల బత్తాయి అప్పజెప్తారు. 2009లో మార్క్ వెబ్ ఒక చిన్న ప్రేమకథ తీశాడు, 2012కల్లా స్పైడర్‌మ్యాన్ ఆయన చేతికొచ్చింది. ఇంటిపేరులో ఒక 'బీ' ఎక్కువైనా సాలెగూడు సాలెగూడే కదా. ఇంటిపేరు చెరువు అని ఉన్నాయన్ని పాయింటు చూడ పిలవడం మా దగ్గరా ఉన్నదే, తప్పుబట్టను. చిన్నోళ్లను పిలవడానికి అసలు కారణం వేరే. పేరున్న పాయింటాయన బండి డ్రైవర్‌ను కూడా దబాయిస్తాడు. కొత్తోడు మనం చూపెట్టిన చోటే కొబ్బరికాయ లేపుతాడు.

ఒక్కోసారి నిజంగానే పడుతుంది. అసలు గొడవ అప్పుడే మొదలవుతుంది. 1997లో జోయెల్ షూమాకర్ తీసిన బ్యాట్‌మ్యాన్ ఎంత ఎండిపోయిందంటే, ఆ పెద్దమనిషి తర్వాత జనానికి క్షమాపణ చెప్పుకున్నాడు (ఏ పాయింటాయనా ఇంతవరకు చెప్పలేదు, ఈ ఒక్క విషయంలో హాలీవుడ్ మాకన్నా ముందుంది). ఎనిమిదేళ్లు ఆ చేను బీడు పడ్డది. 2005లో క్రిస్టఫర్ నోలన్ వచ్చి చీకట్లో, లోతుకు దించితే నాలుగించుల నీళ్లు ఎగదన్నాయి. ఇంకేముంది, చుట్టుపక్కల చేన్లన్నిటికీ అదే లోతు, అదే చీకటి. 2013లో సూపర్‌మ్యాన్ చేనుకు జాక్ స్నైడర్‌ను పిలిచి, పక్కన నోలన్‌నే నిర్మాతగా నిలబెట్టారు. పట్టపగలు ఎర్రచడ్డీ వేసుకుని నవ్వుతూ ఎగరాల్సిన మనిషి, చివర్లో విలన్ మెడ విరిచి గావుకేక పెట్టాడు.

నల్లగొండను అడిగి ఉంటే ముందే చెప్పేవాళ్లం. లోతుకు పోతే నీళ్లు పడొచ్చు, ఆ నీళ్లల్లో ఏముందో కూడా చూసుకోవాలె. మర్రిగూడ, మునుగోడు దిక్కున లోతు బోర్ల ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్లకు పళ్లు గారపట్టినయి, కాళ్లు వంకర్లు పోయినయి, నడుములు వంగి లేవలేదు. హాలీవుడ్ కథల్లో సాలీడు కుడితే గోడలెక్కే బలం వస్తుంది. ఇక్కడ గ్లాసెడు నీళ్లు తాగితే గడప దాటే బలం పోయింది. ఈ పుట్టుక కథ ఏ డైరెక్టర్‌కైనా చెప్పి చూడండి, ఇంటర్వెల్‌కు ముందే లేచిపోతాడు. కృష్ణ నీళ్లు పైపుల్లో ఇంటికొచ్చేదాకా ఆ హీరోలు ఏ కేపూ లేకుండానే బతికారు.

2022లో మ్యాట్ రీవ్స్ తీసిన బ్యాట్‌మ్యాన్ గురించి నా అభ్యంతరం మాత్రం కళకు సంబంధించింది కాదు. 176 నిమిషాల సినిమాలో ఎప్పుడు చూసినా వానే. ఆ వాన మా మండలం మీద కురిస్తే రెండేళ్లు బత్తాయికి బోరు ముట్టే పని లేదు. మేం తెర మీద హీరోను చూడలేదు, కాలువల్లో వృథాగా పోతున్న నీళ్లను చూశాం. చీకటే కావాలంటే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి రమ్మనండి. గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ పడుతుంది. గ్రాఫిక్స్ ఖర్చు లేదు, తొమ్మిది వందల ఏళ్లకు పైబడినా ఎవరూ రీబూట్ చేయలేదు.

కొత్త పద్ధతి ఒకటి 2025లో వచ్చింది. జేమ్స్ గన్ ముందు సూపర్‌మ్యాన్ సినిమాలు తీసే డీసీ స్టూడియోకే ఒక పెద్దగా కూర్చున్నాడు, తర్వాత సూపర్‌మ్యాన్‌కు తగిన డైరెక్టర్ ఎవరా అని నలుదిక్కులా వెతికి, అద్దంలో కనిపించినాయన్ని ఖాయం చేశాడు. పాయింటాయనే బండి ఓనరైతే ఇంక రెండడుగుల పంచాయితీ ఉండదు. మంచిపని ఒకటి చేశాడు, సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహం పేలిపోవడం, పసిగుడ్డు చేన్లో పడటం మళ్లీ చూపించలేదు. నీళ్లు పడ్డాయి, తాగదగ్గ నీళ్లే.

అయినా ముందుముందు అవసరం పడుతుంది కనుక ఎంపిక సంఘానికి మా నాయిన పేరు ప్రతిపాదిస్తున్నాను. ఐదు బోర్లకు సొంత డబ్బు కట్టిన అర్హత హాలీవుడ్‌లో ఎవరికుందో చూపించమనండి. ఆయన పెట్టే షరతు కూడా ఒక్కటే. పాయింటు చూసినందుకు దారి ఖర్చులు, మిగిలిన పైసలు నీళ్లు పడ్డాకే.

ఇక అభిరుచి మాటకొస్తే, మొన్న టీవీలో ఏదో బ్యాట్‌మ్యాన్ వస్తుంటే ఆయనా కూర్చున్నాడు. ఆట చూసి బయటికొచ్చిన తల్లీదండ్రీ, రేపు బ్యాట్‌మ్యాన్ కాబోయే పిల్లగాడితో చీకటి సందులోకి తిరిగారు. 1989లో తిరిగారు, 2005లో తిరిగారు, 2016లో తిరిగారు, 2019లో జోకర్ సినిమాలో కూడా తిరిగారు. తుపాకీ పేలింది. నాయిన బత్తాయి తొక్క పళ్లెంలో వేసి నా దిక్కు చూశాడు.

"ఎన్నిసార్లు సంపుతరురా ఈళ్లను? గా సందుల ఒక లైటు ఏపిచ్చేటందుకు ఆ ఊరికి సర్పంచ్ లేడా?"