మా ఫ్రిజ్‌లో మంచు కూడా చూసిపెట్టమ్మా అంట!

మధురవాడలో చుట్టాల గృహప్రవేశం. పులిహోర ప్లేటు ఇంకా చేతిలోనే ఉంది, పదిమందిలో బాబాయి మొదలెట్టాడు. "ఏటమ్మా, వైజాగ్‌లో కూకుని అంటార్కిటికా మంచు లెక్కెడతన్నావంట? మా ఫ్రిజ్‌లో గడ్డ కట్టేస్తంది, అదీ ఓసారి చూసిపెట్టు." అందరూ నవ్వారు. నేనూ పళ్లికిలించాను. ఇంటికొచ్చాక మండుతోంది ఒళ్లు.

బాబాయ్, ఆ మంచు మందం సగటున దాదాపు 2 కిలోమీటర్లు. తన బరువుకి తనే బెల్లంపాకంలా జారుతుంది. ఆ జారుడుని కంప్యూటర్ మోడల్‌లో లెక్కగట్టడమే నా పని. 1955లో గ్లెన్ అనే శాస్త్రవేత్త రాసిన సూత్రమే ఇప్పటికీ మా కోడ్‌లో ఉంది: ఒత్తిడి రెట్టింపైతే మంచు సాగే వేగం 8 రెట్లు. అడుగున రాయుందో, బురదుందో, నీళ్లున్నాయో ఎవరు దిగి చూస్తారు? పైన శాటిలైట్ చూపించిన వేగం పట్టుకుని, కింద రాపిడి ఎంతుంటే ఇలా కదులుతుందో వెనక్కి లెక్కగట్టాలి. దీన్ని "కంప్యూటర్‌లో బొమ్మలు" అంటాడాయన!

"అక్కడి మంచుతో మనకేటి" అట. అంత మంచు గురుత్వాకర్షణతో సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంటుంది. కరిగితే ఆ పట్టు సడలి దాని చుట్టుపక్కల నీటిమట్టం తగ్గుతుంది, దూరాన ఉన్నవాళ్లకి సగటు కంటే ఎక్కువ పెరుగుతుంది. దూరాన ఉన్నదెవరు? మనమే! అంటార్కిటికాలో థ్వైట్స్ అనే ఒక్క హిమానీనదం పూర్తిగా పోతే ప్రపంచ సముద్రమట్టం 65 సెంటీమీటర్ల దాకా లేస్తుంది. రేపే కాదులెండి. ఎంత త్వరగా అన్నదే మా గొడవంతా. (ఆర్కే బీచ్ కోతకి మంచుని తిట్టకండి, అందులో హార్బర్ వాటా ఉంది, ఆ కథ ఇంకోసారి.) సీ వ్యూ ఫ్లాట్‌కి లోన్ కడుతున్నదెవరో చెప్పాలా? బాబాయే.

2025 జులైలో శ్రీహరికోట నుంచి నైసార్ ఉపగ్రహం ఎగిరితే ఫ్యామిలీ గ్రూపు నిండా జెండాలు పెట్టింది కూడా ఈయనే. అది కొలిచేవాటిలో ఈ మంచు కదలికా ఒకటి సార్! రాకెట్‌కి చప్పట్లు, ఆ డేటా వాడేవాళ్లకి వెటకారం.

అసలు ఇది ఇవాళ్టి మంట కాదు. నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు నాన్నతో "ఆడపిల్లకి మంచు చదువేటన్నయ్యా, సంబంధాలు రావు" అన్నాడు. నాన్న మొహం చిన్నబోవడం నాకింకా గుర్తుంది. మరి డల్లాస్‌లో నీ కొడుకు ఏం చేస్తాడు బాబాయ్? "సాఫ్ట్‌వేరు" తర్వాత రెండో ముక్క చెప్పు చూద్దాం. వాడూ కూర్చునేది కంప్యూటర్ ముందే కదా. కానీ వాడి పెళ్లికి కట్నం ఎంతడగాలో తేల్చడానికి మాత్రం ఈయనకి ఏ మోడలూ అక్కర్లేకపోయింది.